మంచు కొండల్లో హట్ టు హట్ ట్రెక్: ఇద్దరికీ కలిపి ఏది నప్పుతుంది?

మా చెల్లి పోయిన నెల ఫోన్ చేసి, "అక్కా, పెళ్ళయిన మొదటి ఏడే ఒక పెద్ద ట్రిప్ వెయ్యాలి, మీరిద్దరూ వెళ్ళినట్టు మంచు కొండల్లో ఒక హట్ నుంచి ఇంకో హట్‌కి నడుచుకుంటూ. ఎక్కడికి వెళ్ళమంటావ్?" అని అడిగింది. నేను వెంటనే అడిగిన ప్రశ్న, "మరిదికి గురక వస్తుందా?" చెల్లి నవ్వింది. నేను మాత్రం సీరియస్‌గానే అడిగాను.

హట్ టు హట్ అంటే టెంటు మోయక్కర్లేదు, స్టవ్వు, గిన్నెలు అక్కర్లేదు. పొద్దున ఒక హట్‌లో టిఫిన్ తిని బయల్దేరి, ఐదారు గంటలు నడిచి, ఏదో ఒక కనుమ ఎక్కి దిగి, సాయంత్రానికి ఇంకో హట్‌కి చేరితే అక్కడ వేడి భోజనం, పరుపు, దుప్పటి సిద్ధంగా ఉంటాయి. చెప్పుకోవటానికి హనీమూన్‌లాగే ఉంటుంది. కాకపోతే ఆల్ప్స్‌లో ఆ పరుపు పక్కన ఇంకో పదిహేను పరుపులుంటాయి, వాటి మీద ఎక్కడెక్కడివాళ్ళో పడుకుని ఉంటారు, రాత్రి పదికి లైట్లు ఆపేస్తారు, పొద్దున ఐదుకే ఎవరో ఒకరు బ్యాగులో ప్లాస్టిక్ కవర్లు కరకరలాడిస్తూ లేస్తారు. అందుకే అడిగాను గురక గురించి.

మేము చేసినవి నాలుగు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో నేపాల్‌లో అన్నపూర్ణ బేస్ క్యాంప్. మ్యూనిక్‌కి మారాక ఆల్ప్స్‌లో మాంట్ బ్లాంక్ కొండ చుట్టూ తిరిగే టూర్ డు మాంట్ బ్లాంక్, అందరూ టీఎంబీ అంటారు, అందులో ఏడు రోజులు. ఆ తర్వాతి ఏడాది ఇటలీ డోలమైట్స్‌లో ఆల్టా వియా 1 అనే దారిలో ఉత్తరపు సగం, చివరగా నార్వేలో యోటున్‌హైమెన్ అనే కొండల ప్రాంతం. ఈ నాలుగింటినీ ఫోటోలు చూసి పోల్చుకుంటే ఏదీ తేలదు, అన్నీ బాగానే ఉంటాయి. కిలోమీటర్లు, ఎత్తులు పోల్చుకుంటే కొంత తేలుతుంది. కానీ వెళ్ళేది ఇద్దరు కదా, అందుకని నేను మూడు విషయాలు చూడమంటాను: రాత్రి ఎలా గడుస్తుంది, ఇద్దరిలో నెమ్మదిగా నడిచేవాళ్ళకి దారి ఎలా ఉంటుంది, మధ్యలో ఒకరికి చాతకాకపోతే అక్కడి నుంచి ఎలా బయటపడతాం. చాలామంది మూడోది అసలు ఆలోచించరు. మేము కూడా మొదటిసారి ఆలోచించలేదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. మంచు చూడటం వేరు, మంచులో నడవటం వేరు. జులై మధ్య నుంచి ఆగస్టు దాకా ఆల్ప్స్‌కి వెళ్తే ఎదురుగా తెల్లటి కొండలు రోజంతా కనిపిస్తాయి, మీ కాళ్ళ కింద మాత్రం మట్టి, రాళ్ళు, పచ్చిక, ఆవు పేడ. కాలి కింద మంచు కావాలంటే నెల మారాలి, ఒక్కోసారి దేశమే మారాలి. మీ ఇద్దరిలో ఒకరు "చూస్తే చాలు" అనుకుంటూ, ఇంకొకరు మంచు ముద్దలు విసురుకునే సినిమా పాట ఊహించుకుంటూ ఉంటే టికెట్లు కొనకముందే తేల్చుకోండి.

అన్నపూర్ణ బేస్ క్యాంప్

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్ళేవాళ్ళకి మొదటి సౌకర్యం, మనకి నేపాల్ వీసా లేదు. విమానంలో వెళ్ళాలంటే పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటర్ కార్డో చాలు. ఆధార్ పట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళి వాదించకండి, అది పనికిరాదు. కాఠ్మాండూ నుంచి పోఖరా సుమారు 200 కిలోమీటర్లు, బస్సులో పగలంతా పోతుంది, విమానంలో అరగంట లోపు. పోఖరా నుంచి జీపులో కొండ మొదలయ్యే దాకా వెళ్ళి, అక్కడి నుంచి పైకి వెళ్ళి రావటానికి ఏడెనిమిది రోజులు. ఇంటి నుంచి ఇంటికి పది, పదకొండు రోజులు పెట్టుకోండి.

ఇక్కడ హట్‌ని టీ హౌస్ అంటారు. భార్యాభర్తలకి ఈ నాలుగింటిలో ఏకాంతం ఎక్కువ దొరికేది ఇక్కడే, అదీ తక్కువ డబ్బుకి. కింది ఊళ్ళలో ఇద్దరికి ఒక గది మామూలే. ప్లైవుడ్ గోడలు, రెండు మంచాలు, ఒక కిటికీ. పక్క గదిలో దగ్గినా వినపడుతుంది, అయినా తలుపు వేసుకోవచ్చు కదా! గది అద్దె తక్కువే, భోజనం మాత్రం అక్కడే చెయ్యాలనేది అలిఖిత నియమం. దాల్ భాత్ చెప్తే అన్నం, పప్పు, కూర మళ్ళీ అడిగి వేయించుకోవచ్చు. మనకి ఇంతకన్నా ఏం కావాలి, కాస్త ఆవకాయ సీసా బ్యాగులో పడేసుకుంటే చాలు. ఛోమ్రోంగ్ అనే ఊరు దాటాక సాధారణంగా మాంసం వండరు, పైన ఉన్నది దేవతల చోటని అక్కడి గురుంగు జాతివాళ్ళ నమ్మకం. పైకి వెళ్ళేకొద్దీ ధరలు పెరుగుతాయి, ప్రతి బియ్యం బస్తా మనిషో కంచరగాడిదో మోసుకొచ్చిందే కాబట్టి బేరమాడబుద్ధి కాదు. వేడి నీళ్ళకి, ఫోన్ చార్జింగుకి, వైఫైకి విడివిడిగా డబ్బులు తీసుకుంటారు. దేవ్‌రాలీ అనే మజిలీ నుంచి పైకి గదులు తక్కువ, సీజన్‌లో నలుగురైదుగురు ఒకే గదిలో సర్దుకోవాల్సి రావచ్చు. మేము వెళ్ళిన నవంబరులో పైన రాత్రి బాత్రూం బకెట్‌లో నీళ్ళు గడ్డకట్టి, పొద్దున మగ్గుతో పగలగొట్టుకోవాల్సి వచ్చింది.

దారి కష్టం అంటే మెట్లు. రాతి మెట్లు, వేలకొద్దీ. ఛోమ్రోంగ్ ఊరు 2,170 మీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడి నుంచి వాగు దాకా దిగి మళ్ళీ సినువాకి ఎక్కాలి, తిరుగుప్రయాణంలో అదే మెట్లు మళ్ళీ. తిరుపతి మెట్ల దారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కినవాళ్ళకి ఆ బాధ చెప్పక్కర్లేదు, కాకపోతే ఇక్కడ అది రోజుల తరబడి ఉంటుంది.

అసలు ప్రమాదం మెట్లు కాదు, ఎత్తు. బేస్ క్యాంప్ 4,130 మీటర్లు. మూడు వేలు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకి మించి పెరగకూడదనేది కొండల్లో అందరూ చెప్పే లెక్క. దేవ్‌రాలీ 3,200, మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ 3,700. చాలామంది సెలవులు సరిపోక దేవ్‌రాలీ నుంచి ఒకే రోజు పైదాకా వెళ్ళిపోతారు, అంటే ఒకేసారి 930 మీటర్లు. మేమూ అదే ప్లాన్ వేసుకున్నాం. మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ దగ్గర మధ్యాహ్నం దాల్ భాత్ వస్తే మా ఆయన రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు. అడిగితే "గ్యాస్" అన్నాడు. పెళ్ళిళ్ళలో మూడోసారి గారెలు వేయించుకునే మనిషి! పది నిమిషాలకి బయటికి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చి, "ఇంకో రెండు గంటలే కదా, వెళ్ళిపోదాం" అన్నాడు. మా గైడ్ వినలేదు, బ్యాగులు తీసుకుని కిందికి నడిపించాడు. దేవ్‌రాలీకి దిగాక రాత్రికి తలనొప్పి తగ్గింది, మర్నాడు నెమ్మదిగా మళ్ళీ ఎక్కి 3,700 దగ్గరే పడుకుని, ఆ తర్వాతి తెల్లవారుజామున బేస్ క్యాంప్ చూశాం. ఒక రోజు పోయింది, అంతే. పోఖరా వచ్చాక టీ తాగుతూ అప్పుడు చెప్పాడు, ఆ రోజు తెల్లవారుజాము నుంచే తల పగిలిపోతోందట. "నువ్వు అంత సరదాగా ఉంటే ఎలా చెప్పను" అన్నాడు.

జంటగా వెళ్ళేటప్పుడు నాకు భయం వేసేది సరిగ్గా దీనికే. ఒంటరిగా వెళ్ళినవాడు బాగోలేకపోతే ఆగిపోతాడు. ఇద్దరున్నప్పుడు రెండోవాళ్ళ ట్రిప్ పాడవుతుందని దాచుకుంటారు. ఎత్తైన చోట దాచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, పైగా అక్కడి నుంచి బయటపడే దారులు రెండే: కాళ్ళు, లేదంటే హెలికాప్టర్. కాబట్టి ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో, హెలికాప్టర్ ఖర్చు అందులో ఉందో లేదో చిన్న అక్షరాలు కూడా చదవండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి వాడే డైమాక్స్ మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి, సల్ఫా ఎలర్జీ ఉంటే ఆ విషయం ముందే చెప్పాలి. గైడ్‌ని తప్పకుండా పెట్టుకోండి, ఇద్దరి మధ్యలో మొహమాటం లేని మూడో మనిషి ఒకరుండాలి.

నెలల విషయానికొస్తే అక్టోబరు మధ్య నుంచి నవంబరు దాకా ఆకాశం శుభ్రంగా ఉంటుంది, మార్చి, ఏప్రిల్‌లో పైన కాలి కింద మంచు దొరికే అవకాశం ఎక్కువ. కొత్తవాళ్ళు జనవరి, ఫిబ్రవరి జోలికి పోకండి. దేవ్‌రాలీ చుట్టుపక్కల లోయ ఇరుకుగా ఉంటుంది, పై నుంచి మంచు చరియలు పడతాయి, 2020 జనవరిలో అక్కడే ఏడుగురు పోయారు. అక్టోబరు కూడా పూర్తిగా మన చేతిలో ఉండదు. 2014 అక్టోబరు 12న విశాఖని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ గుర్తుందా? ఆ తుపాను ఉత్తరానికి పోయి పోయి రెండు రోజులకి ఇదే అన్నపూర్ణ ప్రాంతంలో థొరోంగ్ లా కనుమ వైపు మంచు తుపానుగా విరుచుకుపడింది, 40 మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే మనం గొడుగు వెతుక్కుంటాం, నేపాల్లో ట్రెక్‌లో ఉన్నవాళ్ళు కూడా ఆ వార్త చూసుకోవాలి.

టూర్ డు మాంట్ బ్లాంక్

సుమారు 170 కిలోమీటర్లు, మొత్తం కలిపి పదివేల మీటర్ల ఎక్కుడు, అంతే దిగుడు, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాలు, మామూలుగా పది, పదకొండు రోజులు. అంకెలు చూస్తే అన్నపూర్ణ కన్నా భయంగా ఉంటాయి, కానీ ఇక్కడ పడుకునే హట్లన్నీ రెండున్నర వేల మీటర్ల లోపే, కనుమలు కూడా 2,700 దాటవు. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి భయం దాదాపు లేదు. ఇక్కడ పోయేది మోకాళ్ళు. రోజూ 800, 1,000 మీటర్లు ఎక్కడం, మళ్ళీ అంతా దిగడం. ఎక్కేటప్పుడు ఆయాసం అందరికీ ఒకేలా ఉంటుంది, దిగేటప్పుడే తేడా బయటపడుతుంది. నేను గబగబా దిగిపోతాను. మా ఆయనకి కుడి మోకాలు చిన్నప్పుడు క్రికెట్‌లో దెబ్బ తిన్నది, ఒక్కో రాయి మీద ఆలోచించి అడుగు వేస్తాడు.

మరి ఇలాంటి జంటకి టీఎంబీ ఎందుకు మంచిదంటాను? ఆగిపోవటం సులువు కాబట్టి. ఇటలీ వైపు నాలుగో రోజు ఎలిజబెట్టా హట్ నుంచి కూర్మాయోర్ ఊరికి నడిచేటప్పుడు, షెక్రూయీ దగ్గర నుంచి చివరి దిగుడు నిట్టనిలువుగా ఉంటుంది. అక్కడ కేబుల్ కార్ ఉంది. మా ఆయన ఎక్కేశాడు, నేను నడిచి దిగాను. నేను దుమ్ము కొట్టుకుపోయి ఊళ్ళోకి వచ్చేసరికి ఈయన స్నానం చేసి, ఐస్‌క్రీం తింటూ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరం సంతోషంగానే ఉన్నాం, ఎవరికీ ఎవరూ సారీ చెప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత స్విట్జర్లాండ్‌లో లా ఫూలీ నుంచి షాంపే వెళ్ళే రోజు ఇద్దరం బస్సెక్కాం, ఎందుకంటే కుండపోత వర్షం. ఏడో రోజు షాంపే నుంచి బస్సు, అక్కడి నుంచి మార్టిన్యీ మీదుగా చిన్న కొండ రైలు పట్టుకుని ఫ్రాన్స్‌లోని షామొనీ ఊరికి తిరిగొచ్చేశాం. పూర్తి చుట్టు తిరగలేదనే బాధ నాకు కొంచెం ఉంది, ఆయనకి అస్సలు లేదు.

రాత్రుల సంగతి మాత్రం ముందే చెప్పాను. కొన్ని హట్లలో ఒకే పొడవాటి అరుగు లాంటి దాని మీద పరుపులు వరసగా పేర్చి ఉంటాయి. సొంత స్లీపింగ్ లైనర్ (దుప్పటి లోపల వేసుకుని పడుకునే పల్చటి బట్ట సంచి) తప్పనిసరి, బూట్లు గుమ్మం దగ్గర అరలో వదిలెయ్యాలి. భోజనం ఏడింటికి అంటే ఏడింటికే, అందరికీ ఒకేసారి, సూప్, తర్వాత ఒక ప్లేటు, ఆపైన స్వీటు. శాకాహారం అయితే బుకింగ్‌లోనే రాయాలి. రాస్తే వండి పెడతారు, చీజ్, గుడ్డు ఎక్కువగా ఉంటాయి, గుడ్డు తినకపోతే అదీ రాయండి. మేము కనుక్కున్న ఉపాయం ఏంటంటే రెండు రాత్రులు డార్మిటరీ, మూడో రాత్రి లోయలోని ఊళ్ళో హోటల్ గది. లే కాంటామీన్, కూర్మాయోర్, లా ఫూలీ, షాంపే ఇలాంటి ఊళ్ళు దారిలోనే తగులుతాయి. బట్టలు ఉతుక్కోవచ్చు, పోట్లాట ఏమైనా పెండింగ్‌లో ఉంటే తెలుగులో గట్టిగా పూర్తి చేసుకోవచ్చు. (డార్మిటరీలో గుసగుసగా పోట్లాడుకోవటం అనేది ఒక ప్రత్యేకమైన నరకం.)

అసలు తలనొప్పి బుకింగ్. హట్లు జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకానే తెరిచి ఉంటాయి, ముందు ఏడాది చలికాలంలోనే బుకింగులు మొదలవుతాయి, పేరున్న హట్లు త్వరగా నిండిపోతాయి. మధ్యలో ఒక రాత్రి దొరక్కపోతే మొత్తం గొలుసు తెగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి తారీఖులు జరపాలి. నేను రెండు వారాలు ఎక్సెల్ షీట్ ముందు కూర్చున్నాను. ఆగస్టు చివరి వారం వద్దు, ఆ వారంలో అదే దారిలో పెద్ద పరుగు పందెం జరుగుతుంది, షామొనీలో గది దొరకటం కష్టం. జూన్ చివర, జులై మొదట్లో కనుమల మీద మంచు పట్టీలు మిగిలి ఉంటాయి. మేము జులై మొదటి వారంలో కోల్ డు బొనోమ్ ఎక్కేటప్పుడు అలాంటి ఏటవాలు మంచు దాటాల్సి వచ్చింది. పొద్దున గట్టిగా గాజులా ఉంటుంది, జారితే ఆగం, కాబట్టి చేతిలో పోల్స్ (నడక కర్రలు), బూట్లకి తగిలించుకునే మైక్రోస్పైక్స్ ఉండాలి.

డోలమైట్స్

ఆల్టా వియా 1 మొత్తం 120 కిలోమీటర్ల చిల్లర, బ్రాయెస్ సరస్సు నుంచి బెల్లూనో వైపు. మొత్తం నడవక్కర్లేదు, మొదటి నాలుగైదు రోజులు, అంటే సరస్సు నుంచి చింక్వే టోర్రీ అనే రాతి శిఖరాల దాకా, నడిస్తే చాలా మంచివన్నీ అయిపోతాయి. సెలవు వారమే ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇదే. తెల్లటి కొండ అంటే ఇక్కడ మంచు వల్ల కన్నా రాయి వల్ల. సాయంత్రం ఆ పాలిపోయిన రాళ్ళు గులాబీ రంగుకి, ఆపైన కుంకుమ రంగుకి మారతాయి. దూరంగా 3,343 మీటర్ల మర్మొలాడా మీద హిమానీనదం కనిపిస్తుంది, 2022 జులైలో అందులో ఒక ముక్క విరిగిపడి 11 మంది చనిపోయారు, ఏటేటా అది కరుగుతూనే ఉంది.

2,752 మీటర్ల దగ్గర లగజువోయ్ హట్ ఉంది. దాని కింద కొండ లోపల మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు తవ్విన సొరంగాలున్నాయి, తలకి లైటు పెట్టుకుని వాటిలోంచి దిగొచ్చు. నాకది ఈ ట్రిప్ మొత్తంలో గుర్తుండిపోయిన గంట. మా ఆయన కేబుల్ కార్‌లో దిగాడు, మళ్ళీ. గదుల విషయంలో టీఎంబీ కన్నా ఇక్కడ మెరుగు, చాలా హట్లలో ఇద్దరికో నలుగురికో గదులుంటాయి, ముందుగా అడిగితే దొరుకుతాయి. ఒకటి రెండు రోజులకోసారి దారి ఒక తారు రోడ్డుని దాటుతుంది, సీజన్‌లో బస్సులుంటాయి, కాబట్టి బయటపడటమూ తేలికే. నీళ్ళే ఇబ్బంది. సున్నపురాయి లాంటి నేల, వాన నీరంతా లోపలికి ఇంకిపోతుంది, దారిలో వాగులు తక్కువ, చాలా హట్లలో సీసా నీళ్ళు కొనాలి. స్నానానికి టోకెన్ కొనుక్కోవాలి, తల రుద్దుకునేలోపు వేడి నీళ్ళు ఆగిపోతాయి.

మరి మంచులోనే నడవాలి, స్కీయింగ్ రాదు అనేవాళ్ళకి కూడా నా జవాబు డోలమైట్సే, కాకపోతే చలికాలంలో. పెడెర్యూ అనే చోటి నుంచి ఫానెస్, లవరెల్లా హట్లు చలికాలంలోనూ తెరుస్తారు, సుమారు రెండు వేల మీటర్ల దగ్గర, అంటే ఎత్తు ఇబ్బంది లేదు. వెడల్పాటి దారి మీద స్నోషూలు (మంచులో దిగబడకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) కట్టుకుని నడుస్తూ పోవచ్చు, ఓపిక లేకపోతే హట్‌వాళ్ళ మంచు బండి ఎక్కించుకుని తీసుకెళ్తుంది. రెండు మూడు రాత్రులు అక్కడే ఉండి చుట్టుపక్కల తిరిగి రావచ్చు. నిజమైన హట్ టు హట్ కాదనేవాళ్ళు అననీ. ఆ రోజు ఉదయం మంచు చరియల హెచ్చరిక ఎంతుందో హట్‌లో అడిగాకే అడుగు బయట పెట్టండి.

నార్వే

దీని గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే మొదటి ట్రెక్‌కి ఇది వద్దనే చెప్తాను. అక్కడి ట్రెకింగ్ సంఘం 1868లో పెట్టింది, దేశమంతా వాళ్ళ హట్లు 500కి పైగా. కొన్నిట్లో మనుషులుండి వండి పెడతారు, కొన్నిట్లో ఎవరూ ఉండరు. మేము యెండె సరస్సు ఒడ్డున ఉన్న యెండెబు హట్ నుంచి నడిచి వెళ్ళిన ఓలావ్స్‌బు అలాంటిదే. తలుపు తీసుకుని లోపలికి వెళ్తే కట్టెల పొయ్యి, గిన్నెలు, ఒక అరనిండా డబ్బా ఆహారం. ఏం తిన్నామో మనమే లెక్క రాసి డబ్బు కట్టాలి, అడిగేవాడు లేడు. నీళ్ళు మనమే తెచ్చుకోవాలి, కట్టెలు కొట్టాలి, వెళ్ళేముందు ఊడ్చి తుడిచి వెళ్ళాలి. ఆ రాత్రి మా ఇద్దరికీ తోడు ఇంకో నలుగురే, బయట పదకొండయినా వెలుతురు పోలేదు. మేము నలుగురికీ నిమ్మకాయ పులిహోర కలిపి పెట్టాం.

అదంతా బాగుంది కానీ, మర్నాడు వర్షం మొదలైతే ఆరు గంటలు తడుస్తూ సరస్సు దాకా తిరిగి నడవటం తప్ప ఇంకో దారి లేదు. బస్సు లేదు, కేబుల్ కార్ లేదు, చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా లేదు. సరస్సు దగ్గరికొస్తే పడవ ఉంది, అది బ్యాగులు కూడా మోస్తుంది. అందుకని వెళ్ళాలనుకుంటే యెండె సరస్సు చుట్టుపక్కలే మూడు రోజులు, మధ్యలో బెస్సెగెన్ అనే సన్నటి గట్టు, అంతవరకే పెట్టుకోండి. గట్టుకి ఒక పక్క పచ్చటి సరస్సు, ఇంకో పక్క చాలా ఎత్తులో నీలం సరస్సు. పై నుంచి కిందికి చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళు మాత్రం పడవలోంచి చూస్తే చాలు.

డబ్బు, వీసా

యూరప్ మూడింటికీ షెంగెన్ వీసా, అంటే అక్కడి చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు. టీఎంబీకి ఏ దేశానికి అప్లై చెయ్యాలో అని చాలామంది టెన్షన్ పడతారు. ఎక్కడ ఎక్కువ రాత్రులు పడుకుంటారో లెక్కపెట్టండి, ఆ దేశానికే, సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. హట్ బుకింగులే బస రుజువుగా చూపించొచ్చు. ఆల్ప్స్ హట్లలో రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి డార్మిటరీ పడకకి మనిషికి 60 నుంచి 90 యూరోలు అనుకోండి, నార్వేలో ఇంకా ఎక్కువే. కార్డు పనిచెయ్యని హట్లు ఇప్పటికీ ఉన్నాయి, యూరోలతో పాటు స్విస్ ఫ్రాంకులు కూడా కాస్త పెట్టుకోండి. నేపాల్లో మన రూపాయి వాళ్ళ 1.6 రూపాయలు, ఎప్పటి నుంచో అదే రేటు. నాలుగింటినీ పక్కపక్కన పెడితే యూరప్‌లో ఒక జంట రెండు మూడు రాత్రుల ఖర్చుతో నేపాల్లో వారం గడిచిపోతుంది, గైడ్ కూలీ కాకుండా.

మరి ఏది?

ఇద్దరికీ ఇదే మొదటిది, హైదరాబాద్ నుంచి వెళ్తున్నారు, సెలవు పది రోజులు దాటుతుంది అంటే అన్నపూర్ణ, నవంబరు మొదటి సగంలో, ఒక ఖాళీ రోజు చేతిలో పెట్టుకుని. ఆ ఖాళీ రోజు లేకపోతే వెళ్ళొద్దు, అదే మా ఆయన్ని కాపాడింది. ఒకరికి బాగా నడక అలవాటు, ఇంకొకరికి అంతంతమాత్రం అయితే టీఎంబీలో ఇటలీ, స్విట్జర్లాండ్ వైపు నాలుగైదు రోజులు, బస్సులు, కేబుల్ కార్లు సిగ్గుపడకుండా వాడుకుంటూ. పూర్తి చుట్టు తిరగాలనే పంతం ఇద్దరికీ సమానంగా ఉంటేనే పూర్తి చుట్టు. వారమే ఉంది, గది కావాలి, తిండి బాగుండాలి అంటే డోలమైట్స్. ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకోకుండా ఉన్నా హాయిగా ఉండగలిగేవాళ్ళయితే, వాన అంటే చిరాకు లేకపోతే, నార్వే. ఆస్తమానో, గుండె జబ్బో, బీపీయో ఉన్నవాళ్ళు నేపాల్ అనుకునేముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఆల్ప్స్‌కి కూడా ఒకసారి అడిగితే పోయేదేం లేదు.

ఏదెంచుకున్నా, నెమ్మదిగా నడిచేవాళ్ళకే చివరి మాట ఇవ్వండి, నడిచేటప్పుడు ముందు కూడా వాళ్ళనే నడవనివ్వండి. మేము టీఎంబీలో మొదటి రెండు రోజులు నేను ముందు, ఆయన వెనక నడిచాం. నేను ప్రతి మలుపులో ఆగి ఎదురుచూసేదాన్ని, ఆయన ఆయాసపడుతూ వచ్చేసరికి నాకు విశ్రాంతి అయిపోయి మళ్ళీ బయల్దేరేదాన్ని, ఆయనకి మాత్రం విశ్రాంతే ఉండేది కాదు. మూడో రోజు మధ్యాహ్నం దాకా ఎందుకు ముభావంగా ఉన్నాడో నాకర్థం కాలేదు. ఆయన్ని ముందుంచాక ఆ గొడవ రాలేదు.

బ్యాగు మనిషికి ఏడెనిమిది కిలోలు దాటనివ్వకండి, నీళ్ళతో కలిపి. రాత్రి తొడుక్కునే పొడి మేజోళ్ళు ఒక జత విడిగా, వాటిని పగలు ముట్టుకోవద్దు. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ ఇద్దరికీ రెండేసి జతలు, ఒకటి ఎక్కడో పడిపోతుంది. కొత్త బూట్లతో వెళ్ళొద్దు, కనీసం నెల రోజులు వాటితోనే కూరగాయలకి వెళ్ళండి.

చెల్లి వాళ్ళు అన్నపూర్ణకే ఫిక్సయ్యారు, నవంబరులో. మరిదికి గురక వస్తుందట, అందుకే గది ఉన్నచోటే మేలంది. మియాపూర్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ తొమ్మిది అంతస్తులు, లిఫ్ట్ మానేసి రోజూ బ్యాగులో పది కిలోల బియ్యం సంచి వేసుకుని మూడుసార్లు ఎక్కి దిగుతున్నారు. వాచ్‌మన్ రెండో రోజే అడిగాడట, "లిఫ్ట్ పనిచేస్తోంది కదమ్మా?" అని.